బలహీనబంధ కేంద్రకముల విఘటనము – దాని సిద్ధాంతము

పరమాణు కేంద్రకమును గూర్చి మనము పాఠశాలలో నేర్చుకొన్న చిత్రము చాల సరళమైనది. ప్రోటానులును న్యూట్రానులును బూందీలడ్డులోని గింజలవలె ఒకదానినొకటి అంటిపెట్టుకొని యుండును. గింజల సంఖ్య పెరిగినకొలది ఉండ పెరుగును. ఘనపరిమాణము గింజల సంఖ్య ననుసరించి యుండును. ఒక్క గింజను ఊడదీయవలెనన్న సామాన్యముగా 8 మిలియను ఎలక్ట్రాను వోల్టుల ప్రాంతమున శక్తి వెచ్చింపవలెను. ఈ మానమును ఇకముందు ఎం.ఇ.వి. యని వ్రాయుదును. ఇక పొడవులకు ఫెర్మి యను మానము కలదు. ఒక మిల్లీమీటరును లక్షకోటి భాగములు చేసిన అందొక భాగము ఫెర్మి. ప్రకృతిలో స్థిరముగా నిలిచిన కేంద్రకముల విషయమున ఈ లడ్డుచిత్రము నమ్మదగినదే.

ప్రయోగశాలలలో కృత్రిమముగా పుట్టించు అల్పాయువులైన కేంద్రకముల దగ్గర ఈ చిత్రము చెడినది. 1985లో అమెరికాలోని బర్కిలీలో ఇసావో తనిహతాయు ఆయన సహచరులును లిథియము ఐసోటోపులను మహావేగముతో పలుచని లక్ష్యములపైకి పంపి, వానిలో నెన్ని దారిలో దెబ్బతినిపోవుచున్నవో లెక్కించిరి. ఎక్కువ దెబ్బతిన్నదనగా ఎక్కువ చోటు ఆక్రమించినదని అర్థము. లిథియము-9 కంటె లిథియము-11 లో రెండు న్యూట్రానులు మాత్రమే అధికము. లడ్డులెక్క ప్రకారము వ్యాసార్ధము 7 శాతము పెరిగిన చాలును. వారికి వచ్చినది సుమారు మూడవవంతు పెరుగుదల! పదునొకండు కణముల ఉండ, నలువది యెనిమిది కణములు గల కాల్సియము-48 తో ఇంచుమించు సరితూగుచున్నది.

రెండేండ్ల తరువాత 1987లో హాన్సెన్, జాన్సన్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు దీనికి కారణము సూచించిరి. లిథియము-11 నుండి చివరి రెండు న్యూట్రానులను విడదీయుటకు కావలసిన శక్తి మిక్కిలి స్వల్పము. నేటి ఖచ్చితమైన కొలతల ప్రకారము 0.37 ఎం.ఇ.వి. మాత్రమే. అంత సడలిన బంధములో నున్న కణము కేంద్రకబలము చేరగల హద్దుకు లోపల నిలువదు. క్వాంటము యాంత్రికశాస్త్రము ప్రకారము దాని తరంగము హద్దు దాటి వెలుపలికి సాగును; ఆ తోక పొడవు బంధనశక్తియొక్క వర్గమూలమునకు విలోమముగా నుండును. 8 ఎం.ఇ.వి. తో కట్టుబడిన న్యూట్రానుకు ఆ తోక 1.6 ఫెర్ములు. బెరీలియము-11 లోని చివరి న్యూట్రానుకు బంధనశక్తి 0.5 ఎం.ఇ.వి. మాత్రమే, అనగా పదునారవ వంతు. గావున దాని తోక నాలుగు రెట్లు పెరిగి సుమారు 6.7 ఫెర్ములగును. కేంద్రకబలము చేరలేని చోట కణము తన కాలములో అధికభాగము గడుపుచున్నదన్నమాట.

ఇట్టి కేంద్రకములకు ఆంగ్లమున చంద్రుని చుట్టు కనబడు వలయము పేరే పెట్టిరి. సంస్కృతమున దానిని పరివేషమందురు. మన పల్లెలలో నైతే చంద్రునికి గుడి కట్టినదందురు, వరదగుడి యందురు. శాస్త్రవ్యాసములకు 'పరివేష కేంద్రకము' గంభీరముగా నుండవచ్చును గాని, నడుమ గట్టిబింబము, చుట్టును పలుచని వెలుగు, రెంటికి నడుమ ఖాళీ అను భావము 'గుడికట్టిన కేంద్రకము' అన్నపుడే కన్నులకు కట్టును. ఈ వ్యాసమున రెండు మాటలను వాడెదను. నడుమనుండు గట్టి భాగమును గర్భము అనెదను.

లిథియము-11 లో మరియొక వింత కలదు. గర్భమైన లిథియము-9 కి ఒక్క న్యూట్రానును చేర్చిన లిథియము-10 నిలువదు. రెండు న్యూట్రానులు మాత్రమే జతగా నిలువవు. మూడును కలిసిన నిలుచును. మూడు వాసముల తలలు చేర్చి నిలబెట్టినపుడు ఒకదానిని తీసిన తక్కిన రెండును పడిపోవును గదా, అట్టిదే ఇది. ఇటలీలోని బొర్రోమియో వంశమువారి చిహ్నమున మూడు వలయములు ఇట్లే పెనవేసికొని యుండుటచే వీనికి బొర్రోమియను కేంద్రకములని పేరు వచ్చినది. హీలియము-6 కూడ ఈ జాతిదే.

లిథియము-11 అర్ధాయువు సెకనులో వేయవ వంతులు 9 కి లోపు. దానిని కుప్పగా పోసి లక్ష్యముగా నిలిపి పరీక్షించుటకు వీలులేదు. అది పుట్టిన క్షణముననే, పరుగెత్తుచుండగనే, మరియొక కేంద్రకమును ఒరసికొని పోనిచ్చి, అది చీలగా వచ్చిన ముక్కలను పట్టి చూడవలెను. దీనినే విఘటనమందుము. యురేనియము వంటి బరువైన కేంద్రకము రెండుగా చీలు విచ్ఛిత్తికిని దీనికిని సంబంధము లేదు. ఇక్కడ చీలునది తేలికైన కేంద్రకము, ఊడునది సడలిన ఒకటి రెండు కణములు. ముక్కల దిశ, వేగము యంత్రములు చెప్పును. అవి ముక్కలు కాకమునుపు ఎట్లుండెనో యే యంత్రమును చెప్పదు. అది సిద్ధాంతము చెప్పవలసినదే. గావున గుడికట్టిన కేంద్రకములను గూర్చి మనకు తెలిసినదనుకొనుచున్న దానిలో చాల భాగము విఘటనమునకు మనము కట్టిన నమూనామీద ఆధారపడియున్నది. నమూనా మారిన కేంద్రకము రూపు కూడ మారును. ఇది ఉట్టి మాట కాదని చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ముందు తేలికైన సంగతి. అనిశ్చితత్వ సూత్రము ప్రకారము విశాలమైన చోట తిరుగు కణమునకు ద్రవ్యవేగములో చెదరు తక్కువగా నుండును. 1988లో కొబయాషీ బృందము లిథియము-11 విఘటనమున వెలువడిన లిథియము-9 ముక్కల ద్రవ్యవేగమును కొలిచినపుడు, సామాన్య కేంద్రకముల ముక్కలలో కనబడు చెదరులో నాలుగవవంతు చెదరు గల సన్నని శిఖరము కనబడినది. న్యూట్రానులు దూరదూరముగా వ్యాపించియున్నవనుటకు ఇది తిరుగులేని సాక్ష్యము. దీనికి గొప్ప గణితమక్కరలేదు.

ఎంత దూరము, ఏ రీతిని అని అడిగినపుడే చిక్కు మొదలగును. గర్భము, న్యూట్రాను, లక్ష్యము అను మూడు వస్తువుల చలనమును ఒక్కసారి సాధింపవలెను. సూర్యుడు, భూమి, చంద్రుడు అను మూటి గతికే మూసలో పోసిన పరిష్కారము లేదు. ఇక్కడ అన్నియు తరంగములు. పైగా విఘటనానంతరము కణములు ఎంత దూరమైనను పోవచ్చును, ఏ శక్తితోనైన పోవచ్చును. అందుచే వేగమునుబట్టి వేరువేరు ఉపాయములు పన్నిరి.

వేగము అధికమైనపుడు ఉపాయము సులభము. ఒక్కొక్క కణమునకు 70 ఎం.ఇ.వి. వంతున శక్తిగల బెరీలియము-11 కాంతివేగములో మూడవవంతును మించి పోవుచుండును. 15 ఫెర్ముల దూరము దాటుటకు దానికి పట్టు కాలముకంటె, దాని గుడిలోని న్యూట్రాను ఒక్కమారు కదలి స్థానము మార్చుటకు పట్టు కాలము సుమారు పదిరెట్లు. కావున తాకిడి జరుగుచున్నంతసేపు న్యూట్రాను ఉన్నచోటనే బిగిసియున్నదని భావింపవచ్చును. దారిని ఋజురేఖగా తీసికొనవచ్చును. 1955లో రాయ్ గ్లౌబర్ డ్యూటెరానుకు ఈ పద్ధతిని అన్వయించెను. (ఆయనకు నోబెలు బహుమానము 2005లో వచ్చినది కాంతిశాస్త్రములో చేసిన పనికి, కేంద్రక శాస్త్రజ్ఞులు మాత్రము ఆయనను నేటికిని తమవానిగనే లెక్కింతురు.)

ఇక నమూనా మారిన రూపు మారునన్న మాటకు ఉదాహరణము. తనిహతా కొలతలనుండి వ్యాసార్ధమును రాబట్టునపుడు మొదట లిథియము-11 ను, సగటున పరచుకొన్న సాంద్రతగల ఒక మేఘముగా భావించిరి. గానుగచుట్టు తిరుగు ఎద్దును తలచికొనుడు. దినమంతటి సగటు తీసిన, ఆ వలయమంతయు పలుచని ఎద్దుపొగతో నిండియున్నట్లే. అట్టి పొగలోనుండి పరుగెత్తు పిల్లవాడు ప్రతిమారును కొంత పొగను తాకియే తీరవలెను. కాని నిజముగా ఎద్దు ఏ క్షణమునకు ఆ క్షణము ఒక్కచోటనే యుండును. అది ఆవలివైపున నున్నపుడు పిల్లవాడు దేనిని తాకకయే దాటిపోవును. సగటుమేఘపు లెక్క తాకిడులను ఉన్నదానికంటె ఎక్కువగా చూపును. 1996లో ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయమునుండి జిమ్ అల్-ఖలీలీ, జెఫ్ టోస్టెవిన్ ఈ లోపమును సవరించి, గర్భమును రెండు న్యూట్రానులను విడివిడిగా నుంచి తిరిగి గణించిరి. ప్రయోగఫలితములలో అక్షరము మారలేదు. కాని లిథియము-11 వ్యాసార్ధము 3.1 ఫెర్ములనుండి 3.5 ఫెర్ములకు పెరిగినది. అంతవరకు ఎందరో సైద్ధాంతికులు తమ తరంగ ప్రమేయములను తప్పు కొలతకు సరిపుచ్చుకొనుచుండిరన్నమాట.

లక్ష్యము సీసమువంటి బరువైన కేంద్రకమైనపుడు కథ వేరు. సీసములో 82 ప్రోటానులు. వేగముగా పోవు కేంద్రకమునకు ఆ విద్యుత్ క్షేత్రము ఒక్కసారిగా వచ్చిపడిన కాంతిధాటివలె నుండును. ఈ భావము 1924లో ఫెర్మిది. 1934లో వైజ్‌సాకర్, విలియమ్స్ దానిని పరిపూర్ణము చేసిరి. ఆ ఊహాఫోటానులలో నొకటి గర్భమును లాగును, విద్యుదావేశము లేని న్యూట్రాను వెనుకబడును, బంధము తెగును. 2006లో జపానులోని రికెన్ ప్రయోగశాలలో నకమురా బృందము ఈ రీతిని లిథియము-11 ను చీల్చి, రెండు న్యూట్రానులు గర్భమునుండి చూడగా సగటున సుమారు 48 డిగ్రీల కోణములో నుండునని తేల్చిరి. అనగా గర్భమునకు చెరియొక ప్రక్కన గాక, జంటగా ఒకేవైపున సంచరించుటకు మ్రొగ్గుచున్నవి. అంతకుముందు మూడు ప్రయోగశాలలవారు ఇదే ప్రశ్నకు పొసగని సమాధానములిచ్చి యుండిరి.

ఈ విద్యుద్విఘటనము మన సూర్యునికి సంబంధించినదని చెప్పిన చదువరులకు ఆశ్చర్యము కలుగవచ్చును. సూర్యగర్భమున బెరీలియము-7 ఒక ప్రోటానును గ్రహించి బోరాను-8 అగును. భూమిమీద మొదట పట్టుబడిన సౌరన్యూట్రినోలలో అధికభాగము ఆ బోరానునుండి వచ్చినవే. సూర్యునిలోని శక్తుల వద్ద ఈ చర్య ఎంత అరుదో చెప్పనలవికాదు. ప్రయోగశాలలో నేరుగా కొలుచుట సాధ్యము కాదు. కాని బోరాను-8 లో ప్రోటాను 0.14 ఎం.ఇ.వి. తో మాత్రమే అంటియున్నది. దానిని సీసము ప్రక్కనుండి పోనిచ్చి చీల్చిన, అదే చర్య వెనుకకు నడచినట్లే. ఈ సూచన 1986లో బౌర్, బెర్తులాని, రేబెల్ చేసిరి. 1994లో రికెన్‌లో మొతొబయాషీ బృందము ఆచరణలో పెట్టినది. వెంటనే వాదములు బయలుదేరినవి. సూర్యునిలో లెక్కకు రానంత స్వల్పమైన చతుర్ధ్రువ సంక్రమణము సీసము చెంత ఎంతగా తోడగును? కేంద్రకబలము పాలు ఎంత? ఒకే ఫోటాను తాకినదా, లేక వరుసగా రెండా? ఈ పాళ్ళను తీసివేయుటకు నమూనా కావలెను. తీసివేయకున్న సూర్యుని లెక్క తప్పును.

వేగము తగ్గి, రెండు కేంద్రకముల విద్యుద్వికర్షణపు అడ్డుగోడ ఎత్తునకు శక్తి దిగినపుడు, న్యూట్రాను బిగిసియున్నదను ఊహ పనికిరాదు. ఇచటి ఉపాయము డ్యూటెరాను చదువులో పుట్టినది. ప్రోటాను, న్యూట్రాను 2.22 ఎం.ఇ.వి. తో అంటియున్న డ్యూటెరానే బలహీనబంధ కేంద్రకములకు పెద్దన్న. న్యూట్రానును 1932లో కనుగొన్న చాడ్విక్ వద్ద లివర్‌పూల్‌లో పరిశోధించి, అనంతరము ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో కేంద్రక భౌతికశాస్త్రమునకు పునాదివేసిన గొరగనమూడి వాస్తవ్యులు స్వామి జ్ఞానానందులను ఇచట స్మరించుట మన విధి. డ్యూటెరాను తాకిడిచే చీలుటను 1935లో ఓపెన్‌హైమరును, 1947లో సెర్బరును గణించిరి. 1970లో జాన్సన్, సోపర్ అనువారు ఒక ముఖ్యవిషయము చూపిరి: డ్యూటెరాను చీలి మరల కలియుటకు అవకాశమీయనిదే, చీలని డ్యూటెరానుల లెక్క కూడ సరిగా రాదు.

చీలిన స్థితులు అసంఖ్యాకములు. వాని శక్తి ఏదైన కావచ్చును. ఎడతెగని ఆ స్థితులను సమీకరణములలో ఎట్లిముడ్చుట? రాశిపోసిన ధాన్యమును గింజగింజగా లెక్కింపము గదా! కుంచముతో కొలుతుము. సరిగా అట్లే, శక్తిని చిన్నచిన్న కొలతలుగా విభజించి, ఒక్కొక్క కొలతలోని తరంగములన్నింటి సగటును ఒక్క స్థితిగా నెంచుదురు. అప్పుడు అనంతము పరిమితమగును; ఒక స్థితినుండి మరియొకదానికి మార్పులు జతపడిన సమీకరణములుగా ఏర్పడును; వానిని యంత్రగణకము సాధించును. కుంచము మాని మానికతోను, తవ్వతోను కొలిచినను మొత్తము మారకున్నపుడే లెక్కను నమ్ముదురు. 1974లో అమెరికాలో రావిట్‌షర్ ఈ దారి త్రొక్కెను. జపానులోని క్యూషూ విశ్వవిద్యాలయమున కమిమురా, యహీరో మున్నగువారు 1986 నాటికి దానిని సంపూర్ణ పద్ధతిగా తీర్చిరి. నేడు ఈ రంగమున ఎక్కువగా వాడుకలో నున్నది ఇదే. బొర్రోమియను కేంద్రకములకై లక్ష్యముతో కలిపి నాలుగు వస్తువుల లెక్కగా దీనిని 2004 నుండి విస్తరించిరి. 2012లో కెనడాలోని ట్రయంఫ్ ప్రయోగశాలలో లిథియము-11 ను సీసముపైకి మెల్లగా పంపినపుడు, అడ్డుగోడకు దిగువ శక్తులలోనే చెక్కుచెదరక తిరిగివచ్చు కేంద్రకముల సంఖ్య రూథర్‌ఫర్డు లెక్కకంటె మిక్కిలి పడిపోయినది. రెండు వస్తువులు తాకకమునుపే ఇంత నష్టమేమి? నాలుగు వస్తువుల లెక్క దీనిని చక్కగా వివరించినది: దూరమునుండియే సీసపు విద్యుత్ క్షేత్రము గుడిని లాగి చీల్చుచున్నది.

మన దేశమునను ఈ కృషి జరిగినది. కలకత్తాలోని సాహా సంస్థయందు రాధే శ్యామ్, రాజ్‌దీప్ చటర్జీ, బెనర్జీ 2000 ప్రాంతమున వేరొక మార్గమున, వికృతతరంగముల పద్ధతిని, విద్యుద్విఘటనమును గణించిరి.

కుంచముల పద్ధతి ఎంతవరకు నిజము? లెనిన్‌గ్రాడులో లుడ్విగ్ ఫద్దేయెవ్ 1960 ప్రాంతమున మూడు వస్తువుల సమస్యకు ఖచ్చితమైన సమీకరణములు వ్రాసెను. విద్యుద్బలము అనంతదూరము వ్యాపించుటచే చాలకాలము వాని నిచట సాధింపలేకపోయిరి. 2007లో దెల్తువా మున్నగువారు సాధించి రెండు పద్ధతులను ప్రక్కప్రక్కన నిలిపిరి. డ్యూటెరాను విషయమున రెండును చక్కగా కలిసినవి. ప్రోటాను తాకిడిచే బెరీలియము-11 చీలునపుడు మాత్రము తేడాలు కనబడినవి. పైగా గర్భము చలింపని రాయి యను ఊహ రెంటికిని సామాన్యము. బెరీలియము-11 గర్భమైన బెరీలియము-10, 3.37 ఎం.ఇ.వి. తోనే ఉద్రిక్తమగును. దానిని కూడ లెక్కలో చేర్చు నమూనాలు 2006 తరువాత వచ్చినవి.

బలహీనబంధము గుడికట్టిన వానికే పరిమితము కాదు. స్థిరకేంద్రకములలోనే బెరీలియము-9, లిథియము-6, లిథియము-7 లు 1.5 మొదలు 2.5 ఎం.ఇ.వి. లతో చీలగలవు. 1999లో ఆస్ట్రేలియాలో దాస్‌గుప్తా బృందము బెరీలియము-9 సీసముతో పూర్తిగా సంలీనమగుట, లెక్కించినదానిలో 68 శాతమే యని కనుగొనెను. ముంబాయిలో 1988లో ప్రారంభమైన పెలెట్రాన్ త్వరణయంత్రమునను లిథియము కిరణములతో ఇట్టి లోటే కనబడినది. అడ్డుగోడను చేరకమునుపే చీలిపోవుటయే కారణమని చాలకాలము తలంచిరి. 2019లో ఈ వివరణము సందేహములో పడినది: లిథియము-7 చీలుటకు తగిన వ్యవధియే చాలదు, దానిలోని ట్రైటాను భాగమును లక్ష్యము నేరుగా లాగుకొనుచున్నదని ఆస్ట్రేలియా ప్రయోగములును, లేయ్, మోరో గణనములును సూచించినవి. ఈ గణనములకు ఆధారము 1985లో ఇచిమురా, ఆస్టర్న్, విన్సెంట్ వ్రాసిన సూత్రము. మూడు దశాబ్దములు మరుగునపడియున్న సూత్రము నేడు పనికివచ్చినది.

ఇంకను తెగని తగవు వేరొకటి కలదు. వేగముగా పోవు కేంద్రకమునుండి తేలికైన లక్ష్యముచే ఒక్క కణమును తన్నివేయించి, ఎన్నిమార్లు ఊడినదో గ్లౌబరు పద్ధతితో పోల్చుదురు. సడలిన కణము ఊడినపుడు కొలతయు లెక్కయు ఇంచుమించు ఒక్కటే. గట్టిగా బిగిసిన కణము ఊడినపుడు కొలత లెక్కలో మూడవవంతుకు దిగిపోవుచున్నది. అమెరికాలోని మిచిగన్‌నుండి అలెగ్జాండ్రా గేడ్, టోస్టెవిన్ మున్నగువారు 2008లో ఈ క్రమమును స్పష్టముగా ప్రకటించిరి. ఇది నిజమైనచో కేంద్రకములోని కణముల పరస్పర సంబంధములను గూర్చి మన సిద్ధాంతము పెద్ద లోపముగలది. కాని డ్యూటెరానుచే కణమును మార్పిడి చేయించు ప్రయోగములలో ఈ పతనము కనబడలేదు. 2018లో జర్మనీలోని జి.ఎస్.ఐ. యందు ప్రోటానులతో ఆక్సిజను ఐసోటోపులనుండి ప్రోటానును తన్నించి చూచినను కనబడలేదు. అప్పుడు లోపము కేంద్రకముది కాదు, తన్నుట యను చర్యకు మనము కట్టిన నమూనాది. బిగిసిన కణమును పెకలించునపుడు మిగిలిన గర్భము నిశ్చలముగా నిలిచియుండునను ఊహమీద నాకు నమ్మకము తక్కువ. ఆ ఊహ సడలిన కణములకై పుట్టినది, అక్కడ దానికి చెల్లుబాటు కలదు. ఐనను ఇది నా మ్రొగ్గు మాత్రమే. ఒకే కేంద్రకమును ఒకే శక్తి వద్ద రెండు రీతులను కొలిచి, ఊడిన ముక్కలనన్నింటిని ఒక్కటియు వదలక పట్టు ప్రయోగములే దీనిని తేల్చవలెను. 2022లో మిచిగన్‌లో ప్రారంభమైన కొత్త త్వరణయంత్రమును, 2007 నుండి నడచుచున్న రికెన్ యంత్రమును అట్టి కొలతలకు తగిన కిరణములను ఇచ్చుచున్నవి.